ముడి వేసిన గంప

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెట్టాలి గానీ, ఈ కథ ఒక్క అడవిది కాదు. మూడు అడవులది. వాటికి ఎదురుగా ఉన్న ఒక కొండది. మధ్యలో పారే ఏటిది. ఆ ఏటి నడుమ ఒక లంక ఉంది. అక్కడికే మనం వెళ్తున్నాం.

ఏటికి ఇవతలి గట్టున మూడు అడవులూ పచ్చగా ఉండేవి. వెదురడవి ఏనుగులది. ఇప్పచెట్ల అడవి ఎలుగుబంట్లది. చామలనే చిరుగింజలు పండే చామగడ్డి అడవి నెమళ్ళది. అవతలి గట్టున కొండ. ఒక ఎండాకాలం ఆ కొండ అంటుకుంది. ఏడు రోజులు మండింది. మంట ఆరాక చూస్తే చెట్లన్నీ మోడులే. అప్పటినుంచి దాన్ని మోడుకొండ అన్నారు. ఆ తరవాత రెండేళ్ళు వానలు కూడా ఆ కొండకి మొహం చాటేశాయి.

మూడు అడవులకీ జాలి కలిగింది. ఎవరికి వారు తిండి పంపారు. ఏమైందనుకున్నారు? మూడు గంపలూ ఒకే రోజు ఒకే అడవిదున్న ఇంటి ముందు దిగాయి. పక్కనున్న ముళ్ళపందికి వాసన మాత్రమే దక్కింది.

అప్పుడు ముగ్గురు పెద్దలూ కూర్చుని ఆలోచించారు. ఏనుగుల పెద్ద కొండ్రప్ప, ఎలుగుల పెద్ద గుబురయ్య, నెమళ్ళ పెద్ద పురిరాయుడు. లంకలో ఉండే తాబేళ్ళని పిలిచారు. "మీకు కొమ్ముల్లేవు, ఈకల్లేవు, చెట్టెక్కడం రాదు. మీరు ఎవరికీ చుట్టాలు కారు. మేం తెచ్చిందంతా మీ లంకలో కుప్ప పోస్తాం. ఎక్కడ ఆకలి ఎక్కువో చూసి అక్కడికి మీరే మోసుకెళ్ళండి" అన్నారు.

తాబేళ్ళ పెద్ద డిప్పవ్వ సరేనంది. ఆ రోజు అందరూ కలిసి ఒక నినాదం కట్టారు.

"ఆకలికి కొమ్ముల్లేవు! గింజకి గట్టుల్లేవు!"

ఎంత బాగుందో కదా? అరవడానికి ఇంకా బాగుంటుంది. మొదటి ఏడు నినాదమూ నడిచింది, గంపలూ నడిచాయి.

ఆ లంకలోనే పోగయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గిజిగాడు తెలుసు కదా, పోగు పోగు లాగి గూడు అల్లే పిట్ట. పోగయ్య లంకలో గంపలు అల్లేవాడు. ముడి వేయడంలో వాడిని మించినవాడు లేడు. వాడు వేసిన ముడి కోతి విప్పలేదు, ఎలుక కొరకలేదు. విప్పడం వాడికొక్కడికే వచ్చు.

రెండో ఏడు కొండ్రప్ప వచ్చి అడిగాడు. "ఓయ్ పిట్టా, మా గంపలకి ఒక ముడి వెయ్యి. చూడగానే మాదని తెలియాలి. ఈ ముడి ఉన్న గంప కొమ్ములున్నవాళ్ళకే వెళ్ళాలి."

పోగయ్య ఉబ్బిపోయాడు. ఏనుగంతటివాడు వచ్చి అడిగాడు మరి! తీగ తెచ్చి, రెండు కొమ్ముల్లా పైకి లేచే ముడి వేశాడు. అది చూసి గుబురయ్య తనకీ కావాలన్నాడు. పురిరాయుడు తనకి ఇంకా అందమైనది కావాలన్నాడు. మూడో ఏటికి లంక నిండా ముడి గంపలే. ముడి లేని గంప పదింట ఒకటి వచ్చేది. దాని అడుగున గుప్పెడు గింజలూ, పైన బోలెడు ఆకులూ.

నినాదం మాత్రం రోజూ అరిచేవారు. కొత్త ముడి వేసినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా.

ఒక పొద్దున పోగయ్య ముడి బిగిస్తుంటే లంక ఇసుకలో ఏదో దబ్బున పడింది. చూస్తే ఒక కంజుపిట్ట, ఎగరడం కన్నా నడకే ఎక్కువ తెలిసిన నేలపిట్ట. గుండ్రంగా ఉండాల్సిన పిట్ట, ఎముకల మీద ఈకలు అంటించినట్టుంది. మూడు చోట్ల ఆగి, రాళ్ళ మీద సేద తీరి, ఏరు దాటి వచ్చింది. పేరు ముత్తి.

"అన్నా, మేం కొండ వెనకవైపు ఉంటాం. రెండు లోయల్లో. ఎడమ లోయలో మేము, కుడి లోయలో మా పెద్దమ్మ వాళ్ళు. చీమలు గుడ్లు మోసుకుని పైకెక్కుతున్నాయి. ఇంకో పదిహేను రోజుల్లో వాన పడుతుంది. పడితే మా తిండి మేం చూసుకుంటాం. అప్పటిదాకా గింజలు కావాలి. లోయకి ఒక గంప చాలు" అంది ముత్తి.

"ముడి లేని గంప నిన్ననే అయిపోయింది చెల్లీ" అన్నాడు పోగయ్య.

ముత్తి చుట్టూ చూసింది. తాటిచెట్టంత ఎత్తున గంపలు.

"మరి ఇవి?"

"ఇవి వెదురు బియ్యం. కొమ్ములున్నవాళ్ళవి."

"మా ఇంటాయనకి నెత్తిన ఒక ఈక నిక్కి ఉంటుంది. కొమ్ము కింద చెల్లదా?"

పోగయ్యకి నవ్వొచ్చింది. కానీ ముత్తి నవ్వలేదు. దాంతో వాడి నవ్వు ముక్కులోనే ఆగిపోయింది.

పోగయ్యకి ఒక జబ్బు ఉంది, ఎందుకు అనే జబ్బు. చిన్నప్పుడు గుడ్డులోంచి బయటికి వచ్చి, "ఇంతసేపు ఎందుకు?" అని వాళ్ళమ్మని అడిగాడట. ముడుల పనిలో పడి ఆ జబ్బు కొంచెం తగ్గింది. ముత్తిని చూశాక మళ్ళీ తిరగబెట్టింది.

కొమ్ములకే ఎందుకు? అడిగితే తెలుస్తుంది కదా అని ఎగిరాడు.

ముందు వెదురడవికి వెళ్ళాడు. కొండ్రప్ప చిగుళ్ళు నములుతున్నాడు.

"ఏనుగుదొరా, మీ గంపలు కొమ్ములున్నవాళ్ళకే ఎందుకు?"

"నీటిమడుగు తగాదాలో అడవిదున్నలు మా పక్షాన నిలబడ్డాయి. మళ్ళీ తగాదా వస్తే మళ్ళీ నిలబడాలి కదా."

"అది ఆకలికి మందా, తగాదాకి మందా?"

"ఒకే మందు రెంటికీ పనిచేస్తే నీకేం నొప్పి?" అని చెవులాడించాడు కొండ్రప్ప. ఆ గాలికి పోగయ్య పల్టీ కొట్టాడు.

తరవాత ఇప్పచెట్ల అడవికి వెళ్ళాడు. గుబురయ్య గోళ్ళు నాక్కుంటున్నాడు.

"ఎలుగుమామా, మీ ఇప్పపూల గంపలు చెట్టెక్కేవాళ్ళకే ఎందుకు?"

"మేం చెట్టెక్కే బాగుపడ్డాం. ఎవరైనా అలాగే బాగుపడాలి."

"కొండ మీద చెట్లు కాలిపోయాయి కదా మామా?"

"అందుకేరా! ఎక్కడం మరిచిపోతే ఎలా?" అన్నాడు గుబురయ్య. కాసేపటికి తనకే ఏదో తిరకాసు తోచినట్టుంది, గొంతు తగ్గించాడు. "ఇంకో మాట చెప్తా విను. మొదటి ఏడు మేం ముడి వేయకుండానే పంపాం. నాలుగు తేనెతుట్టెలు తాబేళ్ళు ఏట్లో జారవిడిచాయి. పొరపాటే, ఎవరికైనా జరుగుతుంది. కానీ ఏమైందని అడిగితే ఏం చేశాయి? తలలు డిప్పల్లోకి లాక్కున్నాయి! తల దాచుకునేవాళ్ళని ఎలా నమ్మమంటావు? అప్పటినుంచే నేను ముడి వేయించా."

ఈ మాటలో న్యాయం ఉందని పోగయ్యకి అనిపించింది. దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

మూడోది నెమళ్ళ అడవి. పురిరాయుడు నీటి అంచున నిలబడి నీడ చూసుకుంటున్నాడు.

"రాయుడుగారూ, మీ చామలు కొండకి ఏటివైపునే తినాలని ఎందుకు?"

"ఇక్కడినుంచి కనబడేది ఆ వైపే కాబట్టి. మావాళ్ళు సాయంత్రం గట్టు మీద నిలబడి, అదిగో మన చామలు తింటున్నారు అని మురిసిపోతారు. కనబడని చోట పెడితే ఎవరు పెట్టినట్టు?"

"తిన్నవాళ్ళకి తెలుస్తుంది కదండీ."

"వాళ్ళకి తెలిస్తే మాకేం లాభం?" అన్నాడు పురిరాయుడు. నిజంగా అర్థం కాకే అడిగాడు, పాపం.

మూడు ఎందుకులకీ మూడు జవాబులు దొరికాయి. ఒక్క జవాబులోనూ ముత్తి లేదు.

ఇక చూడనిదే వాడికి నిద్ర పట్టదు. ఏరు దాటాడు. ఏటివైపు వాలు మీద జింకలు చామలు తింటున్నాయి. కాస్త పైకి వెళ్తే, కొమ్ములతో చీల్చేసిన గంపల పక్కన అడవిదున్నలు పడుకుని ఉన్నాయి. వాటి కింద మెత్తగా పరిచి ఉన్నది ఏమిటి? వెదురు బియ్యం!

"ఇంకా తెచ్చారా? పెట్టడానికి చోటు లేదయ్యా. మా దూడ దీని మీదే పొర్లుతోంది" అంది ఒక ముసలి దున్న.

"కొండ వెనకవాళ్ళకి కొంచెం ఇవ్వకూడదా తాతా?"

"ముడి మా పేరున ఉంది. మేం ఇస్తే, వీళ్ళకి ఎక్కువైందిరా అనుకుంటారు ఏనుగులు. వచ్చే ఏడు పంపరు. ఏడాదంతా ఆకలిగా కనిపించడం కూడా ఒక పనేనయ్యా పిట్టా, నీకు తెలియదు" అని దున్న కళ్ళు మూసుకుంది.

పోగయ్య శిఖరం దాటాడు. వెనకవైపు రెండు లోయలు, రెండూ ఇసుక నేలలు. ఎడమ లోయలో అప్పటికే తిరిగొచ్చిన ముత్తి, పక్కనే ఆమె పిల్లలు తొమ్మిది, నేలని గీకుతున్నాయి. గీకిన చోట బియ్యపు గింజల్లాంటివి బయటపడ్డాయి.

"అవి తినకూడదా?" అడిగాడు పోగయ్య.

"అవి మిడత గుడ్లు అన్నా. చుట్టూ నురగ గట్టిపడి ఉంటుంది, మింగుడు పడవు. వాన పడితే పగులుతాయి. రెక్కల్లేని పిల్లమిడతలు గంతులేస్తూ బయటికి వస్తాయి. రెక్కలు వచ్చేలోపు మేం తినేస్తాం. మా అమ్మ తిన్నది, మా అమ్మమ్మ తిన్నది."

"ఈ సంగతి మా గట్టున ఎవరికీ తెలియదే!"

"ఎవరూ అడగలేదు" అంది ముత్తి. "మేం ఇక్కడ వాన దాకా నిలవాలి. నిలవలేకపోతే లోయ వదిలి నడవాలి. ఈ పిల్లలు అంత దూరం నడవలేవు."

తొమ్మిదింటిలో చిన్నది పోగయ్య కాలివేలిని పొడిచి చూసింది. గింజేమో అనుకుంది.

పోగయ్య లంకకి ఎలా తిరిగొచ్చాడో వాడికే తెలియదు. నేరుగా డిప్పవ్వ దగ్గర వాలాడు.

"అవ్వా, ఏనుగుల గంపలు రెండు కావాలి. కంజుపిట్టలకి. లోయకి ఒకటి."

"ముడి ఉంది నాయనా."

"ముడి వేసింది నేనే!"

"వేయమన్నది నువ్వు కాదుగా. విప్పితే కొండ్రప్ప మండిపడతాడు. గంపలు పంపడం మానేసినా మానేస్తాడు. అప్పుడు ఉన్నదీ పోతుంది" అంది డిప్పవ్వ. మెల్లగా తల లోపలికి లాక్కోబోయింది.

"తల దాచుకోకవ్వా! తేనెతుట్టెలు జారిన రోజున నువ్వు తల బయట పెట్టి, జారిపోయాయి, తప్పు మాదే అని ఉంటే, గుబురుమామ ముడి అడిగేవాడు కాదు. నా ముడి బాగుందని పొగిడితే నేను పొంగిపోకుండా ఉంటే, ముడి పుట్టేదే కాదు. ఇద్దరం కలిసే కట్టాం అవ్వా ఈ గంపల నోళ్ళు."

డిప్పవ్వ తల సగం లోపల, సగం బయట పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. చివరికి బయటికే వచ్చింది.

"మోయడం నా వంతు. విప్పడం నీ వంతు. మరి దొంగచాటుగానా?"

"ఛ! పట్టపగలే. అందరూ చూస్తుండగా."

అన్నట్టే మిట్టమధ్యాహ్నం గంపల కుప్ప మీద నిలబడి పోగయ్య అరిచాడు. "ఆకలికి కొమ్ముల్లేవు! గింజకి గట్టుల్లేవు!" అలవాటు కొద్దీ అందరూ అందుకున్నారు. నినాదం ఆగేలోపు వాడు మొదటి ముడి విప్పేశాడు. అరుస్తున్న నోళ్ళు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి.

నాలుగు తాబేళ్ళు ఆ గంప ఎత్తుకుని ఎడమ లోయకి బయలుదేరాయి. కుడి లోయ గంప కోసం పోగయ్య రెండో ముడి పట్టుకున్నాడు. సగం విప్పాడో లేదో, ఏట్లో నీళ్ళు ఎగిసిపడ్డాయి. కొండ్రప్ప వచ్చేశాడు.

వచ్చీ రావడంతోనే ఆ గంప మీద కాలు పెట్టాడు.

"ఎవడ్రా నా ముడి విప్పింది?"

"నేనే దొరా. కంజుపిట్టలు..."

"కొమ్ములున్నాయా వాటికి?"

"ఆకలి ఉంది."

"నా గింజ, నా ముడి, నా ఇష్టం! నువ్వు అల్లేవాడివి, అల్లు. ఎక్కడికి వెళ్ళాలో నేను చెప్తా" అని తుమ్మచెట్టు మీద పోగయ్య సగం అల్లుకున్న గూడు పీకి ఏట్లో పారేశాడు. "లంకలో నీకు చోటు లేదు, పో!"

కుడి లోయకి గంప వెళ్ళలేదు. మూడో రోజున అక్కడి కంజుపిట్టలు లోయ వదిలి నడిచాయి. ముసలివి కొన్ని ఆగిపోయాయి. పిల్లలు కొన్ని ఆగిపోయాయి. ఎక్కడ ఆగిపోయాయో ఈ గట్టునుంచి కనబడదు. అందుకని ఎవరూ ఏడవలేదు.

పన్నెండో రోజున వాన పడింది. చీమలు ఎప్పుడూ అబద్ధం ఆడవు.

వాన పడిన నెలకి ఒక పొద్దున కొండ వెనకనుంచి పొగలాంటిది లేచింది. మళ్ళీ కొండ అంటుకుందేమో అనుకున్నారు అందరూ. పొగ ఏరు దాటింది. దగ్గరికి వచ్చాక చూస్తే దానికి రెక్కలున్నాయి. మిడతలు! మూడు రోజుల్లో వెదురడవిలో ఒక్క ఆకు లేదు. నాలుగో రోజున చామగడ్డి లేదు. అయిదో రోజున ఇప్పచెట్లు మోడులు. ఆరో రోజున మిడతలు ఎటో వెళ్ళిపోయాయి.

కొండ్రప్ప ఆకుల్లేని వెదురుబొంగుల మధ్య నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి అతనికి కూడా ఆ జబ్బు పట్టుకుంది.

ఎక్కడినుంచి వచ్చాయి? ఎందుకు వచ్చాయి?

తెలుసుకోవాలని ఏరు దాటాడు. ఏటివైపు వాలు ఎక్కాడు. చుట్టాలైన దున్నల్ని పలకరించి, శిఖరం దాటి, కొండ వెనకవైపు చూశాడు. మూడేళ్ళుగా గంపలు పంపుతున్నాడు, ఆ వైపు చూడడం అదే మొదలు.

కుడి లోయలో నేలంతా జల్లెడలా చిల్లులు. అక్కడ ఒక్క పిట్ట లేదు. ఎడమ లోయలో పచ్చగడ్డి మోకాలెత్తు లేచింది. అందులో ముత్తి, తన తొమ్మిది పిల్లలతో. ఇప్పుడు గుండ్రంగా ఉన్నారు.

"ఓ అమ్మాయ్, మిడతలు ఆ లోయనుంచేనా లేచింది?" అడిగాడు కొండ్రప్ప.

"అవును."

"ఈ లోయనుంచి ఎందుకు లేవలేదు?"

"మేమున్నాం. రెక్కలు రాకముందే తినేశాం."

"మరి ఆ లోయలో?"

"మా పెద్దమ్మ వాళ్ళు ఉండేవాళ్ళు."

"ఎందుకు వెళ్ళిపోయారు?"

"గంప రాలేదు."

"ఎందుకు రాలేదు?"

లంకలో జరిగిందంతా ముత్తి అప్పటికే విని ఉంది. తల వంచి కొండ్రప్ప ముందుకాలి వైపు చూసింది. అంతే.

కొండ్రప్ప కూడా తన కాలి వైపే చూసుకున్నాడు. ఆ కాలి కింద గంప మెత్తగా నలిగిన చప్పుడు గుర్తొచ్చింది. ఎంత పెద్ద ఒళ్ళు అయినా, దాచుకోవడానికి డిప్ప లేదు పాపం.

తిరిగి వస్తూ అతను వెదురడవికి వెళ్ళలేదు. ఏటి గట్టున జమ్ముపొద దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పోగయ్య కొత్త గూడు అల్లుకుంటున్నాడు. కొండ్రప్ప తొండంతో ఒక ముడి గంప తెచ్చి ముందు పెట్టాడు. మిడతలు రాకముందు దాచిన వెదురు బియ్యంలో మిగిలింది అదే.

"పోగయ్యా, కుడి లోయవాళ్ళు ఎటు వెళ్ళారో డిప్పవ్వ వాళ్ళు వెతుకుతున్నారు. దొరికినవాళ్ళకి ఇది పంపాలి. ముడి విప్పి ఇవ్వు."

పోగయ్య పోగు వదల్లేదు. "నేను విప్పను దొరా."

"కోపమా?"

"కోపమే. కానీ అందుకు కాదు. నేను విప్పితే రేపు నేను లేనప్పుడు ఎవరు విప్పుతారు? మీరు నేర్చుకోండి. నేర్పుతా."

అలా ఆ గట్టున ఒక వింత జరిగింది. మానులు పెకలించే తొండం సాయంత్రం దాకా చిన్న తీగముడితో కుస్తీ పట్టింది. "అటు కాదు దొరా! ఆ పోగు కాదు, దాని కింది పోగు! ఇంత మొద్దు తొండం ఎక్కడా చూడలేదు" అని పిట్ట అరుస్తుంటే, ఏనుగు నోరు మూసుకుని వింది. పొద్దు వాలేవేళకి ముడి విడిపోయింది.

ఆ తరవాత లంకలో గంపలకి మూతలు ఉన్నాయి గానీ ముడులు లేవు. ఎక్కడ ఆకలి ఎక్కువో డిప్పవ్వ వెళ్ళి అక్కడివాళ్ళనే అడిగేది. ఏ గంప ఎటు వెళ్ళిందో, ఏది దారిలో జారిపోయిందో ఎవరు అడిగినా, మెడ బాగా చాచి చెప్పేది. పురిరాయుడు మాత్రం, ఎవరు పెట్టారో కనబడకపోతే ఎలా అని చాలా రోజులు గొణిగాడు. చామగడ్డి మళ్ళీ మొలిచాక, అందులో ఒక్క మిడత కూడా కనబడకపోయేసరికి, ఆ గొణుగుడు ఆపాడు.

కుడి లోయ కంజుపిట్టల్లో కొన్ని తిరిగి వచ్చాయి. అన్నీ రాలేదు.

నీతి: కలిసి ఇచ్చినది ఆకలి ఉన్న చోటికి నడవాలి. ఇచ్చేవాడు తన ఇష్టాన్ని ముడి వేసి పంపితే, ఆ ముడి చివరికి తన మెడకే బిగుస్తుంది.